బొచ్చు రాలని కుక్క: ఒక నమ్మకం చరిత్ర

ఇంట్లో ఉబ్బసం ఉన్నవారుంటే బొచ్చు రాలని జాతి కుక్కను తెచ్చుకోవచ్చునన్న నమ్మకం నేడు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పట్టణాల ఇళ్లలోనూ వినిపిస్తున్నది. అది ఎలా పుట్టిందో తెలిస్తే, అందులో నిజమెంతో కూడా తెలుస్తుంది.

1980వ దశకంలో హవాయి దీవుల నుండి ఒక అంధురాలు ఆస్ట్రేలియాలోని ఒక సంస్థకు లేఖ వ్రాసింది. ఆమెకు దారి చూపే కుక్క కావాలి. భర్తకేమో కుక్క బొచ్చు పడదు. సంస్థ ఉద్యోగి వాలీ కాన్రాన్ బొచ్చు అంతగా రాలని పూడిల్ కుక్కలను 33 వరకు పరీక్షించినా ఒక్కటీ ఆ పనికి రాలేదు. చివరకు లాబ్రడార్‌ను పూడిల్‌తో దాటించగా, 1989లో 3 పిల్లలు పుట్టాయి. వాటి బొచ్చు, లాలాజలం నమూనాలు హవాయికి పంపితే ఆ భర్తకు పడినది ఒక్కటే. దాని పేరు సుల్తాన్.

ఒకే కాన్పులో పుట్టిన మిగిలిన 2 పిల్లలు పడలేదన్న సంగతిని లోకం మరచిపోయింది. ‘లాబ్రడూడుల్’ అన్న పేరు మాత్రం వ్యాపారమైంది. ఆ పరిణామానికి కాన్రాన్ తరువాత బహిరంగంగానే విచారించాడు.

నిజానికి తుమ్ములకు, ఆయాసానికి కారణం వెంట్రుక కాదు. కుక్క లాలాజలంలోను, చర్మపు పొట్టులోను ఉండే ప్రోటీన్లు. బొచ్చు రాలకున్నా అవి గాలిలో కలుస్తూనే ఉంటాయి. 2011లో అమెరికాలోను, 2012లో నెదర్లాండ్స్‌లోను జరిగిన పరిశోధనలు, ‘పడే జాతులు’ అనబడే కుక్కలున్న ఇళ్లలో ఈ ప్రోటీన్ తక్కువగా ఉంటుందన్న మాటకు ఆధారం చూపలేకపోయాయి.

పైగా పూడిల్ వంటి కుక్కల బొచ్చు పెరుగుతూనే ఉంటుంది. తరచుగా దువ్వి, కత్తిరించకపోతే జడలు కట్టి చర్మం పుండ్లు పడుతుంది. మన ఎండలకు పొట్టి బొచ్చు గల ఊరకుక్కే మేలు. అది రాల్చే వెంట్రుకలు చీపురుతో పోతాయి.

కనుక జాతిని కాక కుక్కను పరీక్షించండి. ఉబ్బసం ఉన్న వ్యక్తి తెచ్చుకోదలచిన ఆ కుక్కతోనే కొన్ని రోజులు, కొన్ని గంటలపాటు గడిపి చూడాలి. తీవ్రమైన ఉబ్బసమైతే ముందుగా వైద్యుని అనుమతి తప్పనిసరి. తెచ్చాక పడకగదిలోకి రానీయరాదు. దగ్గుకు కుక్కే కారణమని నిర్ణయించే ముందు మిరప కల్లాల ఘాటు, పత్తి నూగు, బొగ్గు గనుల ధూళి, పొయ్యి పొగ కూడా గుర్తుంచుకోవాలి. ఏ జాతి కుక్కకైనా 3 నెలల వయసులో రేబిస్ టీకా వేయించి, పశువైద్యుడు చెప్పిన గడువులో మళ్లీ వేయించాలి.