ముఫ్త్ కాదు, ఆజాద్

2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మామూలు మద్దతు ఆగిపోయింది. బాగా నడుస్తున్న కంప్యూటర్లు ఎన్నో విండోస్ 11 షరతులకు సరిపోవు. మెషీన్ మన పైసలతో కొన్నదే, దాని ఉమర్ ఎంతో ఫైసలా చేసేది మాత్రం ఇంకొకరు. ఈ సవాల్ పాతదే.

అమెరికాలోని ఎంఐటీ ప్రయోగశాలలో ఒక ప్రింటర్‌లో తరచూ కాగితం ఇరుక్కునేది. ప్రోగ్రాం కాస్త మార్చి, ఇరుక్కోగానే అందరికీ ఖబర్ అందేలా చేయాలనుకున్నాడు రిచర్డ్ స్టాల్‌మన్. సోర్స్ కోడ్ అడిగితే, ఎవరికీ ఇవ్వనని ముందే వాదా చేసిన మనిషి ఇన్కార్ చేశాడు. ఆ చేదు స్టాల్‌మన్ మనసులో ఉండిపోయింది. 1983లో గ్నూ అనే ఆపరేటింగ్ సిస్టమ్ తయారు చేస్తానని ఎలాన్ చేశాడు.

దాన్ని 'ఫ్రీ' అన్నాడు. ఇంగ్లీషులో ఈ ఒక్క మాటతో ఇప్పటికీ తకరారే. మన ఇళ్లలో రెండు మాటలున్నాయి: ముఫ్త్, ఆజాద్. ఆయన చెప్పింది రెండోది. 1989లో వచ్చిన జీపీఎల్ లైసెన్సు సారం ఇదే: వాడుకో, మార్చుకో, పంచుకో, నీ నుంచి తీసుకునేవాడికీ అదే హక్కు ఇవ్వు.

1991లో హెల్సింకీలో 21 ఏళ్ల విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ షౌక్ కోసం లినక్స్ మొదలుపెట్టాడు. 1992లో అదీ జీపీఎల్ కిందికి వచ్చింది. నేడు ఆండ్రాయిడ్ ఫోన్ల లోపల ఉన్నది లినక్సే. కానీ ఇంట్లో బల్ల మీది కంప్యూటర్‌లో మాత్రం అరుదు. ఎందుకంటే దుకాణం నుంచి వచ్చేటప్పుడే అందులో విండోస్ ఉంటుంది.

జర్మనీలోని మ్యూనిక్ నగరపాలక సంస్థ 2003లో లినక్స్‌కు మారాలని తీర్మానించింది. మైక్రోసాఫ్ట్ అధిపతి స్వయంగా వచ్చి ధర తగ్గిస్తామన్నా వినలేదు. పదేళ్ల మెహనత్‌తో వేలాది కంప్యూటర్లు మార్చింది. 2017లో మళ్లీ విండోస్‌కే వెళ్లాలని తీర్మానించింది. కేరళ సర్కారీ బడులు మాత్రం లినక్స్‌లోనే పాఠాలు చెబుతున్నాయి. అక్కడ ముందు ఉస్తాదులకు తాలీం ఇచ్చారు, పిల్లలు చిన్నప్పటి నుంచే అలవాటు పడ్డారు.

తేడా అక్కడే ఉంది. లైసెన్సు హక్కు ఇస్తుంది, నేర్చుకున్న చేతులే దాన్ని నిలబెడతాయి. కాబట్టి లినక్స్ ముస్తక్బిల్ కంపెనీల మీద కన్నా మన ఇళ్ల మీదే ఎక్కువ ఆధారపడి ఉంది. అలమారాలో మూలపడిన పాత ల్యాప్‌టాప్‌ను కబాడీకి వేసే ముందు, అందులోని ఫోటోలు, కాగజాత్ వేరే చోట భద్రం చేయండి. పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ నడిపి చూడండి, పాతది చెరపక్కర్లేదు. పక్కన పిల్లల్ని కూర్చోబెట్టుకోండి. ఆజాదీ అంటే ఏమిటో వాళ్లకూ తెలియాలి కదా!