నెత్తురు చుక్క రాని ఆపరేషన్: బర్డిజో కథ

చిన్నప్పుడు మా తాతయ్యని ఒక డౌట్ అడిగాను: "కోడె ఎద్దు ఎలా అవుతుంది?" ఆయన నవ్వి, "వట్టలు కొట్టిస్తే అవుతుందిరా" అని ఊరుకున్నాడు. ఆ ఒక్క మాట వెనక రెండు వేల ఏళ్లు దాటిన చరిత్ర ఉంది. ఈరోజు అదే చూద్దాం.

అసలు ఎందుకు కొట్టిస్తారు? కోడెకి బలం ఎక్కువే, కానీ మాట వినదు. ఆవు కనిపిస్తే చాలు, అటే లాక్కుపోతుంది. నాగలికి, బండికి నెమ్మదైన ఎద్దు కావాలి.

క్రీ.పూ. 4వ శతాబ్దంలోనే గ్రీకు పండితుడు అరిస్టాటిల్ ఈ పని ఎలా చేస్తారో రాశాడు. దూడని వెల్లకిలా పడుకోబెట్టి, తిత్తి కోసి, వృషణాలు బయటికి తీసేవాళ్లు. చీము కారిపోవడానికి గాయంలో వెంట్రుకలు పెట్టేవాళ్లు. వాపు వస్తే వాత! అంటే అసలు సమస్య కోత కాదు, ఆ తర్వాత మిగిలే గాయం. మన ఊళ్లలో కోసేవాళ్లు కాదు, కర్రల మధ్య పెట్టి నలగ్గొట్టేవాళ్లు. ఆ నరకం ఊహించుకోండి.

20వ శతాబ్దం తొలినాళ్లలో ఇటలీకి చెందిన పశువైద్యుడు నెపోలియోనె బర్డిజో ఒక పెద్ద పట్టకారు తయారుచేశాడు. మన పశువుల ఆసుపత్రుల్లో ఇప్పటికీ దాన్ని "బర్డిజో" అనే అంటారు. దాని ట్రిక్ ఏంటంటే, చర్మం తెగదు, లోపలి తాడు మాత్రం నలుగుతుంది. వృషణానికి రక్తం తీసుకెళ్లే నాళాలు, వీర్యం మోసే గొట్టం ఉండేది ఆ తాడులోనే. రక్తం అందక వృషణం మెల్లగా కుంచించుకుపోతుంది. రెండు వైపులా విడివిడిగా నొక్కుతారు, మధ్యలో చర్మం వదిలేస్తారు. లేకపోతే తిత్తికే రక్తం ఆగిపోతుంది. పైన గాయం లేదు కాబట్టి ఈగలు వాలవు, పురుగు పట్టదు. వేడి దేశాల్లో ఇది చిన్న లాభం కాదు.

కానీ ఇక్కడే మనం మోసపోయాం ఫ్రెండ్స్. నెత్తురు కనపడలేదు కాబట్టి నొప్పి కూడా లేదనుకున్నాం. లోపల నలిగేది నరాలతో సహా! 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కూడా, నిర్దేశించిన పద్ధతిలో వట్టలు కొట్టిస్తే దాన్ని హింసగా లెక్కపెట్టదు.

గాయం సమస్యని బర్డిజో తీర్చాడు. నొప్పి సమస్యకి మందు మన దగ్గరే ఉంది: మత్తు ఇంజెక్షన్. మీ ఇంట్లో కోడె ఉంటే డాక్టర్ గారిని ఒక్క మాట అడగండి, "సార్, ముందు మత్తు ఇస్తారా?" అని. అడగాల్సింది మనమే, అది నోరులేని జీవం కదా.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను!