విదేశీ విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు - పత్రాల నిర్వహణ

విదేశీ విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు అనేది ఇక్కడ పట్టా పొందిన లేదా పొందబోతున్న విద్యార్థి ఇతర దేశాలలో పైచదువుకు ప్రవేశం కోరే ప్రక్రియ. అర్హత పరీక్ష రాయడం నుండి వీసా చేతికి వచ్చేవరకు దీనికి ఏడాది, ఒక్కోసారి ఏడాదిన్నర పడుతుంది. ఇందులో చదువు పాలు తక్కువ. వేరువేరు కార్యాలయాల నుండి వేరువేరు గడువులతో వచ్చే కాగితాలను సకాలంలో సమకూర్చుకోవడమే అసలు పని. ఒక్క పత్రం ఆలస్యమైతే చాలా సందర్భాలలో పోయేది ఒక నెల కాదు, ఒక విద్యాసంవత్సరం.

శ్రీకాకుళం జిల్లా ఉత్తరపు కొసన, ఒడిషా సరిహద్దుకు దగ్గరగా ఉన్న కంచిలి వంటి మండల కేంద్రం నుండి ఈ పని చేసేవారికి దూరం మొదటి అడ్డంకి. కంచిలిలో ఉన్న రైల్వేస్టేషను (దాని పేరు మాత్రం సోంపేట) నుండి విశాఖపట్నం 200 కిలోమీటర్లకు పైనే. పొరపాటున మర్చిపోయిన సంతకం కోసం మళ్ళీ వెళ్ళడమంటే ఒక రోజు పోయినట్లే.

పేరు, ఇంటిపేరు

అన్నిటికంటే ముందు సరిచూసుకోవలసినది పేరు. తెలుగువారు ఇంటిపేరు ముందు రాస్తారు. పదవ తరగతి ధ్రువపత్రంలోనూ అలాగే ఉంటుంది. కొన్ని పత్రాలలో ఇంటిపేరు పొడి అక్షరంగానే మిగిలిపోతుంది. పాస్‌పోర్టులో మాత్రం ఇంటిపేరుకు, సొంత పేరుకు వేరువేరు గడులున్నాయి. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలితే అమెరికా వీసాలో సొంత పేరే ఇంటిపేరుగా మారి, పేరు ఉండవలసిన చోట ఎఫ్.ఎన్.యు. (మొదటి పేరు తెలియదు) అని పడుతుంది. కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం ప్రాంతాలలో ఒడియా కుటుంబాలు కూడా ఎక్కువ. ఒడియా పద్ధతిలో ఇంటిపేరు చివర వస్తుంది కనుక తండ్రి పత్రాలలో ఒక వరుస, బిడ్డ పత్రాలలో మరో వరుస ఉండవచ్చు. జీఆర్ఈ, టోఫెల్ వంటి పరీక్షలకు నమోదు చేసుకునే పేరు పాస్‌పోర్టుతో సరిపోలకపోతే పరీక్ష కేంద్రం నుండే వెనక్కి పంపుతారు. అందుచేత పాస్‌పోర్టు తీసుకున్న తరువాతే పరీక్షకు డబ్బు కట్టడం మంచిది. 2018 నుండి పాస్‌పోర్టుకు దేశంలో ఏ కేంద్రంలోనైనా దరఖాస్తు చేయవచ్చు. పోలీసు విచారణ మాత్రం దరఖాస్తులో రాసిన చిరునామాకే వస్తుంది.

మార్కుల పత్రాలు

ట్రాన్స్‌క్రిప్టు అంటే అన్ని సెమిస్టర్ల మార్కులను ఒకచోట చూపుతూ విశ్వవిద్యాలయం ధ్రువీకరించి ఇచ్చే పత్రం. దీనిని కళాశాలలో అడిగితే చాలదు; పట్టా ఇచ్చిన విశ్వవిద్యాలయం నుండి తెచ్చుకోవాలి. ఈ జిల్లాలో అది ఏ విశ్వవిద్యాలయమో తెలుసుకోవడమే ఒక పని. టెక్కలిలో 2001లో మొదలైన ఆదిత్య ఇంజనీరింగు కళాశాల (ఐతం) వంటివి మొదట హైదరాబాదు జేఎన్‌టీయూ కింద ఉండేవి. 2008లో కాకినాడ జేఎన్‌టీయూ, 2022లో విజయనగరంలో జేఎన్‌టీయూ గురజాడ ఏర్పడ్డాయి. డిగ్రీ కళాశాలల విషయంలో 2008కి ముందు ఆంధ్ర విశ్వవిద్యాలయం, తరువాత ఎచ్చెర్లలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయం. ఒకే కళాశాలలో చదివిన అక్కకు, తమ్ముడికి పట్టా ఇచ్చిన విశ్వవిద్యాలయాలు వేరు కావచ్చు. సీలు వేసిన కవర్లు అవసరానికి మించి రెండు మూడు తెచ్చుకుంటే మళ్ళీ ప్రయాణం తప్పుతుంది. ఆ కవరును విద్యార్థి తెరిస్తే అది చెల్లదు. జర్మనీకి వెళ్ళేవారికి 2022 నవంబరు నుండి ఏపీఎస్ అనే ధ్రువీకరణ కూడా తప్పనిసరి అయింది.

గడువులు

ఐఈఎల్‌టీఎస్, టోఫెల్ ఫలితాలు రెండేళ్ళు, జీఆర్ఈ ఫలితం ఐదేళ్ళు చెల్లుతాయి. జీఆర్ఈ రాసిన రోజు నాలుగు విశ్వవిద్యాలయాలకు ఫలితాన్ని ఉచితంగా పంపవచ్చు కనుక జాబితా పరీక్షకు ముందే సిద్ధంగా ఉండాలి. అమెరికా విశ్వవిద్యాలయాలలో చాలావాటి గడువులు డిసెంబరు, జనవరి నెలల్లో పడతాయి. అమెరికా తూర్పు తీరంలో డిసెంబరు 15 రాత్రి 11:59 అంటే ఇక్కడ 16వ తేదీ ఉదయం 10:29. పశ్చిమ తీరమైతే మధ్యాహ్నం 1:29. ఈ వెసులుబాటును లెక్కలోకి తీసుకోకుండా భారత కాలమానం ప్రకారం ఒక రోజు ముందే పంపేవారు నష్టపోరు.

ఉద్దానానికి దీనితో ముడిపడిన ఇబ్బంది మరొకటి ఉంది. దరఖాస్తులు ముమ్మరంగా సాగే అక్టోబరు - డిసెంబరు నెలలే తుపానుల కాలం. 2013 అక్టోబరులో ఫైలిన్ గోపాల్‌పూర్ వద్ద తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు కొబ్బరి, జీడి తోటలు నేలకూలడమే కాక పల్లెల్లో విద్యుత్తు, ఫోను రోజుల తరబడి లేవు. పత్రాల నకళ్ళు ఇంట్లోని కంప్యూటరులోనే కాక అంతర్జాలంలో ఒకచోట, ఊరి బయట ఉన్న బంధువు దగ్గర ఒకచోట ఉంచడం ఇక్కడ అతి జాగ్రత్త కాదు.

సిఫార్సు లేఖలను అధ్యాపకులు నేరుగా పంపుతారు. వారికి నెల రోజుల ముందే చెప్పి, ఏ లేఖ చేరింది, ఏది చేరలేదు అన్నది ఒక పట్టికలో రాసుకోవాలి. అదే పట్టికలో విశ్వవిద్యాలయం, కోర్సు, గడువు, కట్టిన రుసుము, ఖాతా పేరు ఉంటే మరో పుస్తకం అక్కరలేదు. కొన్ని కన్సల్టెన్సీలు విద్యార్థి పేరున తామే ఈ-మెయిలు తెరిచి రహస్యపదాన్ని తమవద్దే ఉంచుకుంటాయి. అప్పుడు ప్రవేశం వచ్చినా రాకపోయినా ఆ సంగతి విద్యార్థికి చివరన తెలుస్తుంది. ఎంచుకున్న సంస్థకు గుర్తింపు ఉందో లేదో చూసే పనీ ఇతరులకు వదలరాదు. 2011 జనవరిలో అమెరికా అధికారులు దాడి చేసి మూయించిన కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయానికి విద్యాప్రమాణాల గుర్తింపు లేదు. అక్కడి విద్యార్థుల్లో అత్యధికులు భారతీయులు, వారిలో ఎక్కువమంది ఆంధ్ర ప్రదేశ్‌కు చెందినవారు.

రుణం, వీసా

విద్యారుణం సాధారణంగా 7.5 లక్షల రూపాయలు దాటితే బ్యాంకులు ఆస్తి హామీ కోరుతాయి. చాలా బ్యాంకులు వ్యవసాయ భూమిని హామీగా తీసుకోవు. ఉన్న ఆస్తి అంతా తోటలే అయిన ఉద్దానం కుటుంబానికి ఈ విషయం ప్రవేశం వచ్చాక కాక, దరఖాస్తుకు ముందే తెలియడం అవసరం. ఇల్లు హామీ పెట్టదలిస్తే లింకు దస్తావేజులు, ఈసీ ముందుగానే తీసి ఉంచాలి.

అమెరికా విశ్వవిద్యాలయం ఐ-20 పత్రం పంపిన తరువాత సెవిస్ రుసుము కట్టి, వీసా దరఖాస్తు నింపి, కాన్సులేటులో ముఖాముఖికి హాజరు కావాలి. 2009కి ముందు ఆంధ్ర ప్రదేశ్ వారు ఇందుకోసం చెన్నై వెళ్ళేవారు. ఆ ఏడాది నుండి హైదరాబాదులో వీసాలు ఇస్తున్నారు. ముఖాముఖికి పాస్‌పోర్టు, ఐ-20, రుసుముల రసీదులు ఒక ఫైలులోను, మార్కుల పత్రాలు, రుణ మంజూరు లేఖ మరో ఫైలులోను ఉంచుకుంటే అడిగినది వెంటనే తీయవచ్చు. ప్రయాణానికి ముందు అన్నిటి నకళ్ళూ ఒక జత ఇంట్లో ఇచ్చి వెళ్ళాలి; రుణం తదుపరి విడతల కోసం బ్యాంకుకు తిరగవలసింది ఇంట్లో ఉన్నవారే.