మెనుహిన్ వయొలిన్ పోటీ పుట్టుపూర్వోత్తరాలు

యూరప్‌లో అంతర్జాతీయ వయొలిన్ పోటీలకు ఈనాడు కనిపించే రూపం చాలావరకు 1930లలో ఏర్పడింది. పోలండ్ స్వరకర్త, వయొలిన్ విద్వాంసుడు హెన్రిక్ వియెన్యావ్‌స్కీ శతజయంతిని పురస్కరించుకొని 1935లో వార్సాలో జరిగిన పోటీలో పదిహేనేళ్ల ఫ్రెంచి బాలిక జినెట్ నెవూ ప్రథమ బహుమతి పొందగా, ఆమెకన్నా పదేళ్లకు పైగా పెద్దవాడైన సోవియట్ విద్వాంసుడు డేవిడ్ ఒయిస్ట్రాఖ్ రెండవ స్థానంలో నిలిచాడు. రెండేళ్ల తరువాత బ్రస్సెల్స్‌లో బెల్జియం వయొలిన్ విద్వాంసుడు యూజీన్ ఇజాయీ పేరిట జరిగిన పోటీలో ఒయిస్ట్రాఖ్ ప్రథముడు కాగా, మూడు నుంచి ఆరు వరకు స్థానాలు కూడా సోవియట్ కళాకారులకే దక్కాయి. బహుమతుల పట్టిక దేశప్రతిష్ఠకు కొలమానమైపోయిన ఆ వాతావరణంలో, తొలి వడపోతల్లోనే వెనుదిరిగిన యువకులు ఏమి నేర్చుకున్నారన్న ప్రశ్నకు చోటు తక్కువ.

1983లో ఇంగ్లండు ఆగ్నేయ తీరాన ఫోక్‌స్టన్ అనే రేవు పట్టణంలో వయొలిన్ విద్వాంసుడు యెహూదీ మెనుహిన్ నెలకొల్పిన పోటీ ఆ ప్రశ్ననే ముందు పెట్టుకుంది. ఇరవైరెండేళ్లలోపు వారికి మాత్రమే ప్రవేశముండి, పదహారేళ్లలోపు పిల్లలకు వేరే విభాగం కేటాయించిన ఈ పోటీ స్వభావం, దాని స్థాపకుని జీవితం తెలిస్తేగాని పూర్తిగా బోధపడదు.

1916లో న్యూయార్క్‌లో పుట్టి శాన్‌ఫ్రాన్సిస్కోలో పెరిగిన మెనుహిన్ అంతర్జాతీయ పోటీల మెట్లెక్కి పేరు తెచ్చుకున్నవాడు కాడు. పదమూడేళ్లు నిండకముందే, 1929లో, బెర్లిన్‌లో బ్రూనో వాల్టర్ నిర్వహణలో బాఖ్, బేతోవెన్, బ్రామ్స్‌ల కాన్చెర్టోలను, అంటే ఒక ప్రధాన వాద్యకారుడు పెద్ద వాద్యబృందంతో కలిసి వినిపించే దీర్ఘ రచనలను, ఒకే కచేరీలో వాయించాడు. 1932లో ఆంగ్ల స్వరకర్త ఎల్గార్ స్వయంగా బృందాన్ని నడుపుతుండగా ఆయన వయొలిన్ కాన్చెర్టోను రికార్డు చేశాడు. అయితే సహజస్ఫురణ మీద ఆధారపడి ఎదిగిన ఆ విద్యకు తగిన పునాది చిన్ననాడే పడకపోవడం వల్ల, నడివయసులో కమాను పట్టే చేయి ఆయన అదుపు తప్పసాగింది. భుజం ఎలా కదలాలి, కమాను బరువు తీగమీద ఎంత పడాలి వంటి మొదటి పాఠాల ప్రశ్నలను, ప్రపంచఖ్యాతి పొందిన తరువాత ఆయన మళ్లీ వేసుకోవలసి వచ్చింది.

నెహ్రూ ఆహ్వానంపై 1952లో భారతదేశానికి వచ్చినప్పుడు బి.కె.ఎస్. అయ్యంగార్ వద్ద యోగాసనాలు నేర్వనారంభించడాన్ని ఈ అన్వేషణలో భాగంగానే చూడాలి. విజయనగరం సంగీత కళాశాలలో 1919 నుంచి వయొలిన్ బోధించి, 1936లో దానికి అధ్యక్షులైన ద్వారం వెంకటస్వామి నాయుడుగారి వాదనాన్ని మెనుహిన్ మద్రాసులో జస్టిస్ పి.వి. రాజమన్నార్ ఇంట విని ఎంతో మెచ్చుకున్నారని ప్రసిద్ధి. శరీరానికీ వాద్యానికీ మధ్య పొందిక ఆ వాదనంలో వేరు: మన విద్వాంసులు నేలమీద కూర్చొని వాద్యం కొసను పాదానికి ఆనించి వాయిస్తారు కనుక, వాద్యాన్ని మోసే భారం ఎడమచేతికి లేక గమకాలకు అది స్వేచ్ఛగా జారుతుంది. నిలబడి, గడ్డం కింద వాద్యాన్ని అదిమిపట్టే పాశ్చాత్య పద్ధతిలో ఆ స్వేచ్ఛను ప్రత్యేకంగా సాధించుకోవాలి.

శరీరానికీ నాదానికీ ఉన్న ఈ సంబంధాన్ని పసితనంలోనే నేర్పాలన్న పట్టుదల 1963లో మెనుహిన్ స్థాపించిన పాఠశాలలోనూ, ఇరవయ్యేళ్ల తరువాతి పోటీలోనూ కనిపిస్తుంది. ఫైనలుకు చేరని పిల్లలను వెంటనే ఇంటికి పంపకుండా చివరిదాకా ఉండి మాస్టర్‌క్లాసులలో, అంటే పెద్ద విద్వాంసుడు శ్రోతల సమక్షంలో ఒక్కొక్క విద్యార్థి వాదనాన్ని సరిదిద్దే బహిరంగ పాఠాలలో, పాల్గొనమని ప్రోత్సహించడం, తీర్పు చెప్పే విద్వాంసులు తామే వేదికెక్కి కచేరీలు చేయడం ఇక్కడి సంప్రదాయాలయ్యాయి. విజేతల జాబితా ఎంత ఘనమైనదైనా, ఈ పోటీ సంగీతలోకానికి చేసిన అసలు మేలు ఇదే.

ఆ జాబితా కూడా తక్కువదేమీ కాదు. 1995లో యూలియా ఫిషర్ గెలిచింది. 2008లో కార్డిఫ్‌లో గెలిచిన రే చెన్ మరుసటి ఏడాదే, పూర్వపు ఇజాయీ పోటీకి వారసురాలైన బ్రస్సెల్స్ క్వీన్ ఎలిజబెత్ పోటీలోనూ ప్రథముడయ్యాడు. 1999లో మెనుహిన్ మరణించాక పోటీ ఆగలేదు సరికదా, ఊరూరా తిరగసాగింది: 2010లో ఓస్లో, 2012లో బీజింగ్, 2014లో అమెరికాలోని ఆస్టిన్, ఆయన శతజయంతి వత్సరమైన 2016లో లండన్. 2018లో జెనీవాలో పిల్లల విభాగం ప్రథమ బహుమతిని సింగపూర్‌కు చెందిన పదకొండేళ్ల బాలికకూ, ఆస్ట్రేలియాకు చెందిన పదేళ్ల బాలునికీ కలిపి ఇచ్చారు. 2020లో అమెరికాలోని రిచ్‌మండ్‌లో జరగవలసిన పోటీ కోవిడ్ వల్ల మరుసటి ఏటికి వాయిదాపడగా, పోటీదారులు తామున్న చోటనే వాయించారు, న్యాయనిర్ణేతలు ఆన్‌లైన్‌లో విని తీర్పు చెప్పారు.