రోల్స్ రాయిస్: కారు ఒకరిది, పేరు ఇంకొకరిది

పోయిన నెల ఒక తమ్ముడు నాకు ఒక ఫోటో పంపాడు. వాళ్లక్క విమానంలో కిటికీ పక్క సీట్లో కూర్చుని తీసిందట. రెక్క కింద పెద్ద ఇంజిన్, దాని మీద ఒకదాని మీద ఒకటి వేసినట్టున్న రెండు ఆర్ అక్షరాలు. "అన్నా, ఇది రోల్స్ రాయిస్ కారు గుర్తు కదా? కార్లు చేసేవాళ్లు విమానం ఇంజిన్లు కూడా చేస్తారా?" అని అడిగాడు.

"లేదు తమ్ముడూ, ఆ రెండూ వేరు వేరు కంపెనీలు" అని రిప్లై పెట్టేశాను. పెట్టాక అనిపించింది, ఇది ఒక్క ముక్కలో తేల్చే సంగతి కాదని. ఎందుకంటే ఆ కార్ల కంపెనీ ఇప్పుడు జర్మనీ వాళ్లది. ఆ పేరేమో ఇంగ్లండ్‌లో విమానం ఇంజిన్లు చేసే కంపెనీది. కార్లవాళ్లు ఆ పేరు వాడుకోవడానికి 4 కోట్ల పౌండ్లు కట్టారు. ఫ్యాక్టరీ కాదు, మిషన్లు కాదు, ఒక్క పేరుకి! అసలు ఇలా ఎలా జరిగింది? ఈ రోజు ఎపిసోడ్ అదే.

ముందు ఆ పేరులో రెండో సగం సంగతి చూద్దాం. హెన్రీ రాయిస్. 1863లో ఇంగ్లండ్‌లో పీటర్‌బరో దగ్గర అల్వాల్టన్ అనే పల్లెలో పుట్టాడు. తండ్రి పిండిమిల్లు నడిపేవాడు. అది దెబ్బతింది. బతుకుదెరువు కోసం లండన్ చేరారు. రాయిస్‌కి తొమ్మిదేళ్లప్పుడు తండ్రి చనిపోయాడు. ఆ పిల్లాడు పేపర్లు అమ్మాడు, టెలిగ్రాములు ఇంటింటికీ ఇచ్చాడు. బడిలో కూర్చున్నది మొత్తం కలిపినా ఏడాది చుట్టూనే.

తర్వాత వాళ్ల అత్త దయతో పీటర్‌బరోలో రైల్వే వర్క్‌షాప్‌లో చేరాడు. ఇక్కడ ఒకటి గమనించండి. మన ఆటోనగర్‌లో పనికి చేరిన కుర్రాడికి ఓనరే ఎంతో కొంత చేతిలో పెడతాడు. అక్కడ రివర్స్. పని నేర్చుకోవడానికి మనమే కట్టాలి, ఏడాదికి 20 పౌండ్లు. మూడేళ్లకి అత్త దగ్గర డబ్బులు అయిపోయాయి, ట్రైనింగ్ మధ్యలోనే ఆగిపోయింది. కాబట్టి ప్రపంచంలో అత్యంత ఖరీదైన కార్లలో ఒకటి చేసిన మనిషి దగ్గర పూర్తి చేసిన కోర్సు ఒక్కటి కూడా లేదు. చివరిదాకా తనని తాను మెకానిక్ అనే చెప్పుకునేవాడు.

1884లో మాంచెస్టర్‌లో ఎర్నెస్ట్ క్లేర్‌మాంట్ అనే స్నేహితుడితో కలిసి చిన్న షెడ్డు పెట్టాడు. తనవి 20 పౌండ్లు, స్నేహితుడివి 50. ఇళ్లకి పెట్టే కరెంటు గంటలతో మొదలుపెట్టి డైనమోల దాకా, క్రేన్ల దాకా వెళ్లారు. పనిలో పడితే తిండి కూడా గుర్తుండేది కాదంటారు రాయిస్‌కి. దాని ఫలితం ఒంటి మీద తర్వాత కనపడింది.

1903 ప్రాంతంలో ఒక సెకండ్ హ్యాండ్ కారు కొన్నాడు. ఫ్రాన్స్ వాళ్ల డెకావిల్. అది ఆయనకి నచ్చలేదు. మనమైతే ఏం చేస్తాం? తిట్టుకుంటూ తోలతాం, లేదా ఇంకొకడికి అంటగడతాం. ఈయన దాన్ని విప్పేశాడు. ఒక్కో భాగం తీసి చూసి, ఇది ఇంకా బాగా ఎలా చెయ్యొచ్చు అని మళ్లీ చేసుకుంటూ వచ్చాడు. కారుని ఆయన కొత్తగా కనిపెట్టలేదు, అది అప్పటికే ఉంది. ఉన్నదాన్నే వేరేవాళ్లు "చాల్లే" అనుకున్న చోట ఈయన చాలనుకోలేదు, అంతే. 1904 ఏప్రిల్ 1న ఆయన సొంత కారు మాంచెస్టర్ షెడ్డులోంచి రోడ్డెక్కింది.

ఇప్పుడు మొదటి సగం. చార్లెస్ రోల్స్. 1877లో లండన్‌లో బాగా డబ్బున్న ప్రభువుల ఇంట్లో పుట్టాడు. కేంబ్రిడ్జిలో చదివాడు. కార్లంటే పిచ్చి, బెలూన్లంటే పిచ్చి, తర్వాత విమానాలంటే పిచ్చి. లండన్‌లో షోరూమ్ పెట్టి విదేశీ కార్లు అమ్మేవాడు. ఇంగ్లండ్‌లో వాటికి దీటైన కారు ఒక్కటీ లేదే అనేది అతని బాధ. హెన్రీ ఎడ్మండ్స్ అనే పెద్దమనిషికి వీళ్లిద్దరూ తెలుసు. ఆయన మధ్యవర్తిగా 1904 మే 4న మాంచెస్టర్‌లోని మిడ్‌లాండ్ హోటల్లో ఇద్దరినీ కూర్చోబెట్టాడు. పేపర్లు అమ్ముకున్నవాడు ఒకవైపు, ప్రభువు కొడుకు ఒకవైపు. రాయిస్ కారులో రెండు సిలిండర్లే, దడదడలాడుతుందనుకున్నాడు రోల్స్. ఎక్కి చూస్తే చప్పుడు లేదు. ఆ ఏడాది డిసెంబర్‌లోనే ఒప్పందం అయిపోయింది. నువ్వెన్ని చేస్తే అన్నీ నేనే అమ్ముతా, పేరు మాత్రం రోల్స్ రాయిస్ అని.

పేరులో అమ్మేవాడు ముందు, చేసేవాడు వెనక. చిన్న విషయమే కానీ గుర్తుపెట్టుకోండి. ఈ కంపెనీలో పేరుకీ, పనికీ మధ్య దూరం మొదటి రోజు నుంచే ఉంది. ఇద్దరినీ కలిపి నడిపిన మూడో మనిషి క్లాడ్ జాన్సన్, రోల్స్ భాగస్వామి. రోల్స్ రాయిస్ పేరు మధ్యలో ఉండే చిన్న గీత ఆయనే అని చెప్పుకునేవాళ్లు.

1907లో ఆ జాన్సన్ వేసిన ప్లాన్ చూడండి. వెండి రంగు కారు ఒకటి తీసుకుని సిల్వర్ ఘోస్ట్ అని పేరు పెట్టాడు, అంటే వెండి దెయ్యం. దెయ్యంలా చప్పుడు చెయ్యదని. రాయల్ ఆటోమొబైల్ క్లబ్ వాళ్లని పరిశీలకులుగా పెట్టుకుని లండన్‌కీ గ్లాస్గోకీ మధ్య తిప్పారు, తిప్పారు, ఏకంగా 15,000 మైళ్లు తిప్పారు. ఆ రోజుల్లో కారు వంద మైళ్లు ఆగకుండా పోతేనే గొప్ప. ఇది అనుకోకుండా ఆగింది ఒక్కసారి, మొదట్లో 629 మైళ్ల దగ్గర. అదీ ఇంజిన్ పాడై కాదు, అదురుకి పెట్రోల్ ట్యాప్ మూసుకుపోయింది. అంతా అయ్యాక కారు మొత్తం విప్పి, అరిగిన ప్రతి చిన్న ముక్కా మార్చి కొత్తదానిలా చెయ్యడానికి ఎంతవుతుందో లెక్క కట్టారు. 2 పౌండ్ల 2 షిల్లింగుల 7 పెన్నీలు. ఆ బిల్లుని మించిన అడ్వర్టైజ్‌మెంట్ ఇంకేం కావాలి?

కానీ ఈ జంట ఎక్కువ కాలం నిలవలేదు. 1910 జూన్‌లో రోల్స్ ఇంగ్లిష్ ఛానల్‌ని విమానంలో ఆగకుండా అటూ ఇటూ దాటాడు. అలా దాటిన మొదటి మనిషి ఆయనే. నెల తిరగ్గానే, జూలై 12న, బోర్న్‌మత్‌లో విమానం తోక విరిగి పడి చనిపోయాడు. వయసు 32. ఇంజిన్ ఉన్న విమానం ప్రమాదంలో పోయిన మొదటి బ్రిటిష్ వ్యక్తి కూడా ఆయనే. మరుసటి ఏడాదే రాయిస్ ఆరోగ్యం కుప్పకూలింది. ఆ తర్వాత ఫ్యాక్టరీకి దూరంగా ఉంటూ, ఇంటి నుంచే డ్రాయింగులు గీయించి పంపేవాడు. అలా 1933లో చనిపోయేదాకా పనిచేశాడు.

ఇదే టైమ్‌లో మన హైదరాబాద్ కూడా కథలోకి వస్తుంది. అప్పట్లో రోల్స్ రాయిస్ వాళ్లు ఇంజిన్, చట్రం మాత్రమే అమ్మేవాళ్లు. పైబాడీ కొన్నవాడి ఇష్టం, వేరే బాడీ బిల్డర్ దగ్గర కట్టించుకోవాలి, ఇప్పుడు మన దగ్గర లారీలకి కట్టించినట్టే. 6వ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కోసం అలా ఒక సిల్వర్ ఘోస్ట్ తయారైంది. పసుప్పచ్చ రంగు. వెనకాల మామూలు సీటు కాదు, సింహాసనం లాంటి సీటు. కానీ 1911లోనే ఆయన చనిపోయాడు, కారు ఆ తర్వాత వచ్చింది. పాతబస్తీలో చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్తే ఇప్పటికీ చూడొచ్చు. నేను దాని ముందు చాలాసేపు నిలబడ్డాను. చేయించుకున్నవాడు కూర్చోని సింహాసనం అది.

మీలో కొందరు ఇప్పటికే ఆ రీల్ గురించి అడగబోతున్నారని తెలుసు. అదే, లండన్ షోరూమ్‌లో అవమానించారని మన రాజుగారు రోల్స్ రాయిస్ కార్లు కొని వాటితో చెత్త ఎత్తించాడు అని. ఆ కథ ఒకసారి ఆల్వార్ రాజు పేరు మీద, ఒకసారి పాటియాలా, ఒకసారి భరత్‌పూర్, ఒకసారి నిజాం పేరు మీద తిరుగుతుంది. సీన్ అదే, హీరో మారతాడు. అలాంటి దాన్ని నేను చరిత్రగా చెప్పలేను.

దానికంటే నిజమైన కథ ఆ కారు ముందు నిలబడి ఉంది. ముందుకి వంగి, బట్టలు గాలికి వెనక్కి ఎగురుతున్న బొమ్మ, స్పిరిట్ ఆఫ్ ఎక్‌స్టసీ. 1911లో చార్లెస్ సైక్స్ అనే శిల్పి చేశాడు. మోడల్‌గా నిలబడింది ఎలియనోర్ థార్న్‌టన్ అనే ఆవిడ అని అంటారు. లార్డ్ మాంటేగ్యు దగ్గర సెక్రటరీ. 1915 డిసెంబర్‌లో ఇద్దరూ పర్షియా అనే ఓడలో మన దేశానికే బయల్దేరారు. 30వ తేదీన మధ్యధరా సముద్రంలో జర్మనీ జలాంతర్గామి ఆ ఓడని పేల్చేసింది. మాంటేగ్యు బతికాడు, ఆవిడ మునిగిపోయింది. బొమ్మ మాత్రం ఇప్పటికీ కారు ముందు ఎగురుతూనే ఉంది.

సరే, విమానం ఇంజిన్లు ఎక్కడ మొదలయ్యాయి? మొదటి ప్రపంచ యుద్ధంలో. ప్రభుత్వం అడిగింది, రాయిస్ ఈగిల్ ఇంజిన్ చేశాడు. 1919లో అట్లాంటిక్‌ని మొదటిసారి ఆగకుండా దాటిన విమానంలో ఉన్నవి అవే. రెండో యుద్ధంలో స్పిట్‌ఫైర్‌కి మెర్లిన్ ఇంజిన్. మధ్యలో 1931లో పోటీదారు బెంట్లీని కొనేశారు. యుద్ధం అయ్యాక కార్ల పని క్రూ అనే ఊరికి మారింది, 1946 నుంచి. అప్పటికే కంపెనీకి అసలు పెద్ద వ్యాపారం విమానం ఇంజిన్లే, కార్లు పక్క వ్యాపారం అయిపోయాయి.

ఆ పెద్ద వ్యాపారమే ముంచింది. 1968లో అమెరికా లాక్‌హీడ్ కంపెనీకి కొత్త విమానం కోసం ఆర్‌బీ 211 అనే ఇంజిన్ ఇస్తామని ఒప్పుకున్నారు. ముందుండే ఫ్యాన్ రెక్కలు కార్బన్ ఫైబర్‌తో చేస్తాం, బరువు తగ్గుతుంది అన్నారు. గాల్లో పక్షి తగిలితే తట్టుకుంటుందా లేదా అని చూడటానికి తిరిగే ఇంజిన్‌లోకి చచ్చిన కోడిని వేగంగా విసురుతారు. విసిరారు. రెక్కలు ముక్కలైపోయాయి. మళ్లీ టైటానియం రెక్కలకి వెళ్లారు, కానీ ఖర్చు చేయి దాటిపోయింది. 1971 ఫిబ్రవరి 4న రోల్స్ రాయిస్ దివాలా తీసింది. అవును, రోల్స్ రాయిస్! కష్టాల్లో ఉన్న కంపెనీలని మేం ఆదుకోం అని చెప్పి గెలిచిన ఎడ్వర్డ్ హీత్ ప్రభుత్వమే దాన్ని జాతీయం చేయాల్సి వచ్చింది. యుద్ధ విమానాల ఇంజిన్లు ఆగిపోతే దేశమే ఇబ్బందిలో పడుతుంది మరి.

అప్పుడు లాభాల్లో ఉన్న కార్ల విభాగాన్ని విడదీసి, 1973లో వేరే కంపెనీగా అమ్మేశారు. ఇక్కడే మెలిక. పేరుకి అసలు యజమాని విమానం ఇంజిన్ల కంపెనీయే. కార్లవాళ్లకి కార్ల మీద ఆ పేరు వాడుకునే హక్కు దొరికింది. 1980లో వికర్స్ అనే బ్రిటిష్ సంస్థ ఆ కార్ల కంపెనీని కొంది. ఆ కాగితాల్లో ఏముందో ఇరవై ఏళ్లకి పైగా ఎవరికీ పెద్దగా అవసరం పడలేదు.

1998లో పడింది. వికర్స్ అమ్మకానికి పెట్టింది. అప్పటికే క్రూ కార్లకి ఇంజిన్లు ఇస్తున్న బీఎండబ్ల్యూ 34 కోట్ల పౌండ్లు ఇస్తానంది. వోక్స్‌వ్యాగన్ 43 కోట్లు అంది. ఎక్కువ ఇచ్చినవాడికే అమ్మారు. వోక్స్‌వ్యాగన్‌కి ఫ్యాక్టరీ వచ్చింది, పనివాళ్లు వచ్చారు, బెంట్లీ వచ్చింది, ముందుండే బొమ్మ వచ్చింది, ఆ గుడి స్తంభాల్లాంటి గ్రిల్ ఆకారం మీద హక్కు కూడా వచ్చింది. పేరు రాలేదు! విమానం ఇంజిన్ల కంపెనీకి బీఎండబ్ల్యూతో వ్యాపార స్నేహం ఉంది. పేరునీ, ఆ రెండు ఆర్‌ల గుర్తునీ 4 కోట్ల పౌండ్లకి బీఎండబ్ల్యూ చేతిలో పెట్టేసింది.

ఊహించుకోండి. ఒకరి దగ్గర బొమ్మ, గ్రిల్. ఇంకొకరి దగ్గర పేరు. రెండూ లేకుండా ఎవరూ కారు అమ్మలేరు. దానికి తోడు, ఇంజిన్లు ఇవ్వడం ఆపేస్తా అని బీఎండబ్ల్యూ బెదిరింపు. జూలైలో రాజీకి వచ్చారు. 2002 చివరిదాకా వోక్స్‌వ్యాగన్ రోల్స్ రాయిస్ కార్లు చేసుకోవచ్చు. 2003 జనవరి 1 నుంచి అన్నీ బీఎండబ్ల్యూవే. వోక్స్‌వ్యాగన్‌కి బెంట్లీ మిగులుతుంది.

వోక్స్‌వ్యాగన్ భలే మోసపోయింది అని చాలామంది నవ్వుతారు. నేను నవ్వను. 2023లో రోల్స్ రాయిస్ 6,032 కార్లు అమ్మితే, బెంట్లీ 13,560 అమ్మింది. నన్ను ఆలోచింపజేసేది వేరే సంగతి, ఆ క్రూ ఊరు. 1946 నుంచి తండ్రి, కొడుకు అలా తరాలుగా రోల్స్ రాయిస్ చేసిన చేతులు అక్కడున్నాయి. 2003 జనవరి 1 పొద్దున్నుంచి అదే షెడ్డులో, అవే చేతులతో చేసిన కారుని రోల్స్ రాయిస్ అనకూడదు. అదే రోజు, అప్పటిదాకా ఒక్క రోల్స్ రాయిస్ కూడా చేసి ఎరగని గుడ్‌వుడ్ అనే చోట బీఎండబ్ల్యూ కట్టిన కొత్త ఫ్యాక్టరీ, అధికారికంగా రోల్స్ రాయిస్ అయిపోయింది. అర్ధరాత్రి 12 దాటి ఒక్క నిమిషానికి మొదటి కొత్త ఫాంటమ్ తాళాలు కొన్నవాడి చేతిలో పెట్టారు.

అలాగని గుడ్‌వుడ్‌లో చేసేది డూప్లికేట్ అనను. అక్కడా చేత్తోనే కుడతారు, చేత్తోనే గీతలు గీస్తారు. కానీ రాయిస్ ఇంజిన్ల వారసత్వం ఎక్కడుంది అని అడిగితే, నా వేలు రోడ్డు వైపు కాదు, పైకి వెళ్తుంది. ఆ దివాలా తీయించిన ఆర్‌బీ 211 తర్వాత బాగుపడింది. దాని వంశంలో పుట్టిన ట్రెంట్ ఇంజిన్లే ఈ రోజు కొన్ని బోయింగ్ 787లకీ, కొన్ని ఎయిర్‌బస్ ఎ380లకీ ఉన్నాయి.

కాబట్టి తమ్ముడూ, మీ అక్క ఫోటోలో ఉన్న గుర్తు కారు నుంచి విమానానికి వెళ్లింది కాదు. ఇప్పుడు లెక్క ప్రకారం చూస్తే, విమానం నుంచి కారుకి ఇచ్చింది. వచ్చే ఎపిసోడ్‌లో బెంట్లీ గురించి చెప్తాను. దాన్ని 1931లో రోల్స్ రాయిస్ వాళ్లు వేరే పేరు ముందు పెట్టి గుట్టుగా ఎలా కొన్నారో, అది ఇంకో కథ. ఉంటాను మరి.