ఫ్లష్ ట్యాంకుకు నీళ్లొచ్చే దారి

సంక్షేమ హాస్టళ్ల మరుగుదొడ్లు చూడటానికి వెళ్తే మేం ముందు టైల్స్ చూడం, ఫ్లష్ ట్యాంకు మూత తీస్తాం. మేడ మీది ట్యాంకు నుంచి దిగిన పైపుకు గోడ దగ్గర యాంగిల్ కాక్ ఉంటుంది. అక్కణ్ణుంచి అరంగుళం కనెక్షన్ పైపు లోపలి బాల్ కాక్‌కు నీళ్లందిస్తుంది. నీళ్లు నిండేకొద్దీ బంతి పైకి తేలి కాక్‌ను మూసేస్తుంది. వాషర్ అరిగితే నీళ్లు ఆగకుండా కారతాయి. కొత్త వాషర్ వేయడం చిన్న పని. అది చేయించకుండా యాంగిల్ కాక్ కట్టేస్తే, దొడ్డి ఉన్నట్టే ఉంటుంది, ఫ్లష్ మాత్రం ఉండదు.

అప్పుడు శుభ్రం చేసేదెవరు? చేతితో మలం ఎత్తే పనిని నిషేధించిన 2013 చట్టం, మలం పూర్తిగా కుళ్లకముందే మనిషి చేత్తో తీయాల్సివచ్చే దొడ్డిని అపరిశుభ్రమైనదిగా నిర్వచించింది. రికార్డులో ‘ఫ్లష్ ఉంది’ అని రాసినంత మాత్రాన ఆ నిర్వచనం తప్పిపోదు. చీపురూ బకెట్టూ ఏ కులం చేతికి వస్తాయో మనకు తెలిసిందే.

సమాచార హక్కు దరఖాస్తులో దొడ్లెన్ని అని మాత్రమే అడగొద్దు. ఎన్నింటికి నీళ్ల కనెక్షన్ పనిచేస్తోంది, మరమ్మతు బాధ్యత ఎవరిది, శుభ్రం చేసేవారికి ఏ పరికరాలిచ్చారు అని విడివిడిగా అడగండి.