కెమెరా మూతి, కంపెనీ మాట

కెమెరా బాడీ పదేళ్లలో పాతబడుతుంది. మంచి లెన్స్‌ను మాత్రం తాత కొంటే మనవడు కూడా వాడుకోవచ్చు. ఆ రెంటినీ కలిపే గుండ్రటి లోహపు రింగే లెన్స్ మౌంట్. లెన్స్ కొంటున్నామంటే, ఆ రింగును కంపెనీ రేపు కూడా నిలుపుతుందని నమ్మి డబ్బు పెడుతున్నామన్నమాట.

నికాన్ ఎఫ్ మౌంట్ 1959లో పుట్టింది. మూతి వెడల్పు 44 మిల్లీమీటర్లు, అక్కణ్ణుంచి ఫిల్ముకు దూరం 46.5 మిల్లీమీటర్లు. 2020లో వచ్చిన డి6 దాకా ఈ కొలతలు మారలేదు. అయితే కొలతలు మారనంత మాత్రాన మాట నిలబడ్డట్టేనా?

నా దగ్గర 1960ల నాటి 50 మిల్లీమీటర్ల లెన్స్ ఒకటుంది. దాని ఎపర్చర్ రింగు మీద కుందేలు చెవుల్లా చిన్న లోహపు ముక్క నిలబడి ఉంటుంది. కెమెరాలోని మీటర్ తాలూకు పిన్ను ఆ చెవుల మధ్య ఇరుక్కుంటుంది. ఆ రోజుల్లో లెన్స్ బిగించగానే రింగును ఈ చివరికీ ఆ చివరికీ కరకరమని తిప్పేవారు. లెన్స్ ఎంత వరకు తెరుచుకుంటుందో మీటర్‌కు అలా తెలిసేది. 1977లో ఏఐ (ఆటోమేటిక్ ఇండెక్సింగ్) పద్ధతి వచ్చి ఆ తిప్పుడు తప్పింది. కొత్త బాడీల్లో చాలావాటికి పాత రింగు పడదు, బలవంతాన ఎక్కిస్తే బాడీ మీది మీట విరుగుతుంది. అందుకని నికాన్, డబ్బు తీసుకునే అయినా, పాత లెన్సులకు కొత్త రింగులు మార్చి ఇచ్చింది. పాత గిరాకీని వదులుకోని ఆ బుద్ధి అంటే నాకు ఇప్పటికీ గౌరవం.

ఆ తర్వాత ఆటోఫోకస్ వచ్చింది. 1986 నాటి ఎఫ్-501లో మోటారు బాడీలోనే ఉంది. స్క్రూడ్రైవర్ మొనలాంటి ఇరుసు ఒకటి లెన్స్‌ను తిప్పేది. మరుసటి ఏడాదే కానన్ ఈఓఎస్ 650తో ఎఫ్‌డీ మౌంట్‌ను పూర్తిగా వదిలేసి, 54 మిల్లీమీటర్ల ఈఎఫ్ తెచ్చింది. మోటారు లెన్స్‌లోనే, కబురంతా కరెంటు తీగల మీదే. ఎఫ్‌డీ లెన్సులు కూడబెట్టుకున్నవాళ్లకు అది పెద్ద దెబ్బ. అయితే ఆ తెంచుకోవడం ఒక్కసారే. 1987 నాటి ఈఎఫ్ లెన్స్‌ను 2018లో మొదలైన కానన్ ఆర్‌ఎఫ్ మౌంట్ బాడీకి అడాప్టర్‌తో తగిలించినా దానంతటదే ఫోకస్ అవుతుంది.

నికాన్ తెంచుకోలేదు, పోగులు ఒక్కొక్కటిగా వదిలింది. 2006 నాటి డి40లో ఇరుసును తిప్పే ఆ మోటారు లేదు. 2018లో జెడ్ మౌంట్‌తో పాటు ఇచ్చిన ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌లోనూ లేదు. ఇరుసుతో నడిచే లెన్సులు వాటికి చక్కగా తగులుకుంటాయి, ఫోకస్ మాత్రం చేత్తో తిప్పుకోవాలి. నాకు ఇదే ఎక్కువ బాధ. మూతికి సరిపోయిందని కొన్నవాడికి, పని సగమేనని తర్వాత తెలుస్తుంది. అందుకే ఏ కంపెనీ కొత్త మౌంట్ తెచ్చినా నేను ముందు దాని అడాప్టర్‌లో ఏమేం పెట్టారో చూస్తాను.

అయినా 2013లో నికాన్ డీఎఫ్ అని ఒక డిజిటల్ కెమెరా తెచ్చింది. మౌంట్ పక్కనున్న చిన్న మీటను గోటితో పైకి మడిస్తే చాలు, నా చెవుల లెన్స్ ఏ అడ్డూ లేకుండా కూర్చుంటుంది.